ప్రాట్ సాఫ్ట్‌వేర్, పక్కనే లైబ్రరీ: తెలుగు ధ్వనులు కొలిచేవారికి హైదరాబాద్‌లో ఏది ఎంత పనికొస్తుంది?

తెలుగు ధ్వనుల మీద పరిశోధన అనగానే యూనివర్సిటీ ల్యాబు, ఖరీదైన పరికరాలు, పీహెచ్‌డీ సీటు గుర్తొచ్చి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగాల్సిన పని లేదు. మామూలు ల్యాప్‌టాప్, ధ్వనులను కొలిచే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఊళ్లో ఉన్న పబ్లిక్ లైబ్రరీలు ఉంటే నిక్కచ్చిగా నిలబడే పని చేయొచ్చు. అందుకే సాఫ్ట్‌వేర్‌నీ లైబ్రరీలనూ ఇక్కడ కలిపే సమీక్షిస్తున్నాం. ప్రాట్ అంకె చెబుతుంది కానీ ఆ అంకె ఏ ప్రశ్నకు జవాబో చెప్పదు. ప్రశ్నలు పాత వ్యాకరణాల్లో, నిఘంటువుల్లో ఉన్నాయి. జవాబు చెప్పగల గొంతులు రీడింగ్ రూముల్లో కూర్చున్నాయి. మార్కులు ముందే చెప్పేస్తాం: ప్రాట్‌కు 5కి 4.5. లైబ్రరీలకు పుస్తకాల వరకు 4, శబ్దం విషయానికొస్తే 1.5. ఆ ఒకటిన్నర ఎందుకో కింద వివరంగా ఉంది.

ప్రాట్‌ను తయారుచేసింది ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బోర్స్‌మా, డేవిడ్ వీనింక్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. పైసా కట్టక్కర్లేదు, సోర్స్ కోడ్ కూడా బహిరంగమే. విండోస్‌లో దీన్ని ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరమే లేదు. ఒకే ఒక్క ఫైలు, పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడ తెరిచినా నడుస్తుంది. సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్లకు, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వని కంప్యూటర్ గదుల్లో పని చేసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

తెరవగానే రెండు కిటికీలు వస్తాయి. కొత్తవాళ్లు గందరగోళపడేది ఇక్కడే. కుడివైపు వచ్చే పిక్చర్ విండో బొమ్మలు గీసుకోవడానికి. ప్రస్తుతానికి మూసేయండి. ఎడమవైపు ఆబ్జెక్ట్స్ విండోలోనే పనంతా. ఫైలు తెరిస్తే అది ఒక జాబితాలోకి వస్తుంది, దాన్ని ఎంచుకుని ‘వ్యూ అండ్ ఎడిట్’ నొక్కితే పైన తరంగం, కింద స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శక్తి ఉందో చూపే బొమ్మ) కనిపిస్తాయి. ఆ జాబితాలో ఉన్నవన్నీ కంప్యూటర్ మెమరీలో ఉన్నవే తప్ప డిస్క్ మీద సేవ్ అయినవి కావు. సాయంత్రం దాకా ధ్వనుల మధ్య హద్దులు గీసి, సేవ్ చేయకుండా మూసేస్తే ఆ పనంతా పోతుంది. ప్రతి ఫైలు పూర్తవగానే సేవ్ చేయడం అలవాటు చేసుకోవాలి. ప్రాట్‌కు అర మార్కు తగ్గించింది ఈ పాతకాలపు పద్ధతికే.

కొలతలు మొదలుపెట్టే ముందు రికార్డింగ్ సంగతి చూడాలి. సగం పనులు చెడేది అక్కడే. వేవ్ ఫార్మాట్, 44100 హెర్ట్జ్, 16 బిట్, మోనో. ఫోన్‌లో రికార్డ్ చేసినా ఫర్వాలేదు. ఇదే ఫార్మాట్‌లో ఇచ్చే యాప్ పెట్టుకుని, అందులో శబ్దాన్ని శుభ్రం చేసే సెట్టింగులు, వాల్యూమ్‌ను తనంతట తానే సర్దే సెట్టింగులు అన్నీ ఆపేయండి. అవి చెవికి ఇంపుగా ఉండేలా ధ్వనిని మార్చేస్తాయి, మనం కొలవాలనుకున్నది ఆ మార్పులోనే పోతుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ప, ఫ పలికినప్పుడు ఊపిరి మైకు మీద తగిలి తరంగం పైకీ కిందికీ తెగిపోతుంది. తెగిన తరంగాన్ని తర్వాత బాగుచేసే దారి లేదు.

ఇక ఫ్యాను. హైదరాబాద్ ఎండాకాలంలో ఫ్యాను ఆపమని అడగడం కష్టమే, అయినా అడగాలి. బ, ద, గ లాంటి నాద హల్లులు పలికేటప్పుడు పెదవులో నాలుకో మూసుకుని ఉండగానే కంఠతంత్రులు అదురుతాయి. స్పెక్ట్రోగ్రామ్‌లో అది అట్టడుగున, 300 హెర్ట్జ్ లోపు, నల్లని పట్టీలా కనిపిస్తుంది. ఫ్యాను హోరు, కరెంటు హమ్మింగు పడేదీ సరిగ్గా అక్కడే. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని గుణిజాలు 100, 150. ఫ్యాను తిరుగుతున్న గదిలో తీసిన రికార్డింగ్‌లో ‘పాలు’లోని పకారం కూడా బకారంలా నాదంతో మొదలైనట్టు కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లోకి నేరుగా రికార్డ్ చేస్తుంటే ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద చేయండి, హమ్మింగు చాలావరకు తగ్గుతుంది. హల్లు విడుదలకూ (మూసుకున్నది తెరుచుకోవడానికి), నాదం మొదలుకూ మధ్య వ్యవధిని కొలిచే పద్ధతిని లిస్కర్, అబ్రామ్సన్ అనే పరిశోధకులు 1964లో పదకొండు భాషల మీద చూపించారు. వాటిలో హిందీ, మరాఠీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. ఆ కొలత మన మాటల మీద చేయడం ఇవాళ డిగ్రీ విద్యార్థికి కూడా అందుబాటులో ఉన్న పని. గది నిశ్శబ్దంగా ఉంటే చాలు.

మాటను విడిగా పలికించకూడదు. వాక్యంలో పెట్టి పలికించాలి, అదీ ఆలోచించి ఎంచుకున్న వాక్యం. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల్లోని నమూనాను చూసి చాలామంది ‘అతను ఫలానా అని అన్నాడు’ అని పెట్టేస్తారు. తెలుగులో అది పనికిరాదు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, ‘అని’ అచ్చుతో మొదలవుతుంది, మధ్యలో సంధి జరిగి ‘గుడి అని’ కాస్తా ‘గుడని’ అయిపోతుంది. కొలవాల్సిన ఇకారం మాయం. ‘మళ్ళా గుడి పలకండి’ లాంటిది బాగుంటుంది. ముందు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి మన మాటలోని మొదటి హల్లు ఎక్కడ మూసుకుందో తెలుస్తుంది. తర్వాతి మాట పకారంతో మొదలవుతుంది కాబట్టి చివరి అచ్చు ఎక్కడ ఆగిందో కంటికి కనిపిస్తుంది. ఒక్కో మాట కనీసం ఐదుసార్లు, వరస తారుమారు చేసి చెప్పించండి. జాబితా మొదట్లో, చివర్లో రెండేసి ఉత్తుత్తి మాటలు పెట్టండి. ముగింపుకొచ్చామని తెలియగానే అందరూ గొంతు దించి చివరి మాటను సాగదీస్తారు.

ప్రాట్‌తో తెలుగులో చేయదగ్గ మొదటి పని ఏదంటే చకారాలు. మనం రాసేది ఒక్క చ, పలికేవి రెండు. ‘చేప’లోది తాలవ్యం (నాలుక అంగిలికి తగిలేది), ‘చాప’లోది దంత్యం (పళ్ల దగ్గర పలికేది). ఇ, ఈ, ఎ, ఏ ముందు తాలవ్యమనీ, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ ముందు దంత్యమనీ చిన్నయసూరి బాలవ్యాకరణం నియమం చెప్పింది. అది తెలుగు మాటలకు. సంస్కృతం నుంచి వచ్చినవాటిలో అకారం ముందూ తాలవ్యమే. ‘చలి’, ‘చలనం’ పక్కపక్కన పలికి చూడండి. ‘జామ’, ‘జాతి’ కూడా అంతే. పాత నిఘంటువులు దంత్యానికి ౘ, ౙ అని ప్రత్యేక గుర్తులు వేశాయి. ఇవాళ్టి అచ్చులో ఆ గుర్తులు దాదాపు కనిపించవు, పలుకుబడిలో తేడా మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. నగరంలో ఇంగ్లిష్ మీడియం చదివిన పిల్లల నోట ఇంకా ఉందా అన్నది కొలిచి చెప్పాల్సిన ప్రశ్న.

దీన్ని ప్రాట్‌లో కొలిచేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. స్పెక్ట్రోగ్రామ్ మొదట 5000 హెర్ట్జ్ వరకే చూపిస్తుంది. అచ్చులకు అది సరిపోతుంది. దంత్య చకారంలో రాపిడి శక్తి ఎక్కువగా ఉండేది అంతకంటే పైన. తాలవ్యానిది సుమారు 2500, 3000 దగ్గర్నుంచే మొదలవుతుంది. సెట్టింగ్ మార్చకుండా చూస్తే ‘చాప’లో ఏమీ లేనట్టు, ‘చేప’లో మాత్రమే రాపిడి ఉన్నట్టు కనిపించి తప్పు నిర్ణయానికొస్తారు. స్పెక్ట్రోగ్రామ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పై హద్దు 10000 చేయండి. వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లతో ఈ పని పెట్టుకోవద్దు. శాంప్లింగ్ (సెకనుకు ఎన్నిసార్లు ధ్వనిని నమోదు చేస్తుందన్న లెక్క) తక్కువైతే పైనున్న శక్తి కోసేసినట్టే పోతుంది. 16000 శాంప్లింగ్ అంటే 8000 హెర్ట్జ్ దాటి ఏమీ మిగలదు.

కొలత ఇలా. రాపిడి ఉన్న ముక్కను మాత్రమే ఎంచుకోండి. ముందున్న మూసివేత, విడుదల చప్పుడు, తర్వాతి అచ్చు రాకూడదు. ఆ ముక్కను ఎక్స్‌ట్రాక్ట్ చేసి, 500 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఫిల్టర్‌తో తీసేయండి. లేకపోతే గది హోరు సగటును కిందికి లాగుతుంది. తర్వాత ‘టు స్పెక్ట్రమ్’, అక్కడ్నుంచి ‘గెట్ సెంటర్ ఆఫ్ గ్రావిటీ’, అంటే శక్తి సగటున ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఉందో చెప్పే అంకె. దంత్యానికి ఈ అంకె పైకి, తాలవ్యానికి కిందికి వస్తుంది. ఒకే మనిషి మాటల్లోని తేడానే చూడాలి. ఒకరి అంకెను ఇంకొకరి అంకెతో నేరుగా పోల్చకూడదు, పళ్ల అమరికను బట్టే అది మారిపోతుంది.

ద్విత్వాలు ఇంతకంటే సులువు. ‘అటు’, ‘అట్టు’ తీసుకోండి. రెండింట్లోనూ అకారం, ఉకారం మారవు. తేడా అంతా టకారం మూసుకుని ఉన్న నిశ్శబ్దంలోనే. తరంగంలో మొదటి అచ్చు ఆగిన చోటునుంచి విడుదల చప్పుడు దాకా ఎంచుకుంటే పైన మిల్లీసెకన్లు కనిపిస్తాయి. ద్విత్వాలున్న భాషల్లో జంట హల్లు పొడవు ఒంటి హల్లుకు ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దాకా ఉంటుంది, మనదీ ఆ కోవలోకే వస్తుంది. ‘గుడి’, ‘గుడ్డి’ జంటతో మాత్రం మొదలుపెట్టకండి. ఒంటి డకారం రెండు అచ్చుల మధ్య నాలుక ఇలా తగిలి అలా వదిలేసేంత క్షణికంగా ఉంటుంది. చాలాసార్లు మూసివేత పూర్తిగా జరగదు, విడుదల చప్పుడూ ఉండదు. హద్దు ఎక్కడ గీయాలో అనుభవం ఉన్నవాళ్లకే తెలియక తగువులొస్తాయి.

ట, డ, ణ, ళల మూర్ధన్యత చూడాలనుకునేవారు మూడో ఫార్మెంట్ మీద కన్నేయాలి. ఫార్మెంట్లంటే అచ్చులో శక్తి గుమిగూడే చోట్లు, స్పెక్ట్రోగ్రామ్‌లో నల్లపట్టీల్లా కనిపిస్తాయి, కింద్నుంచి లెక్కపెడతారు. నాలుక వెనక్కి మడిచినప్పుడు అది కిందికి దిగి రెండోదానికి దగ్గరవుతుంది. అది స్పష్టంగా కనిపించేది హల్లు తర్వాతి అచ్చులో కాదు, ముందున్న అచ్చు చివర. నాలుక మడత విప్పుకుంటూ వదులుతుంది కాబట్టి తర్వాతి అచ్చు మొదలయ్యేసరికి ఆ జాడ చాలావరకు చెరిగిపోతుంది. పదాది టకారాల మీద కష్టపడి ఏమీ దొరకలేదని వదిలేసినవాళ్లు పదమధ్యంలో చూస్తే దొరుకుతుంది.

అచ్చుల దగ్గర ప్రాట్ మొదటి సెట్టింగులను గుడ్డిగా నమ్మకూడదు. ఫార్మెంట్ పై హద్దు 5500 హెర్ట్జ్‌గా ఉంటుంది, అది స్త్రీల గొంతుకు సరిపోయే అంకె. పురుషుల గొంతుకు 5000, చిన్నపిల్లలకు 8000 దాకా పెట్టాలి. ఎందుకంటే ప్రాట్ ఆ హద్దు లోపల ఐదు ఫార్మెంట్లు వెతుకుతుంది. పురుషుడి గొంతుకు హద్దు ఎక్కువ పెడితే ఊ, ఓలలో దగ్గర దగ్గరగా ఉన్న మొదటి రెండింటినీ ఒకటే అనుకుని, మూడోదాన్ని రెండోదిగా చూపిస్తుంది. మరీ తక్కువ పెడితే లేని ఫార్మెంట్‌ను పుట్టిస్తుంది. ఎర్రచుక్కలు స్పెక్ట్రోగ్రామ్‌లోని నల్లపట్టీల మీద పడ్డాయో లేదో ప్రతిసారీ కంటితో చూడాలి. పడితేనే కర్సర్‌ను అచ్చు నడిమధ్య పెట్టి కీబోర్డ్‌లో ఎఫ్1 నొక్కితే మొదటి ఫార్మెంట్, ఎఫ్2 నొక్కితే రెండోది వస్తాయి. ‘పుస్తకం’ చివరి అకారం లాంటి చోట్ల ముక్కులోంచి గాలి పోతుంది కనుక అదనపు ఫార్మెంట్లు వస్తాయి. అచ్చు గుణం కొలవడానికి అలాంటి మాటలు వద్దు.

లిపిలో గుర్తు లేని ఒక అచ్చు మనకు ఉంది. ‘చెప్పాడు’ అని ఒకరు, ‘చెప్పేడు’ అని ఒకరు రాస్తారు. చాలామంది నోట వచ్చేది ఆకారమూ కాదు, ఏకారమూ కాదు, ‘బ్యాంకు’ అన్నప్పుడు పలికే అచ్చు. దీనికి మొదటి ఫార్మెంట్ ఏకారం కంటే పైన, ఆకారం కంటే కొంచెం కింద పడుతుంది, రెండోది ముందు అచ్చుల వైపు ఉంటుంది. ఏ జిల్లా వాళ్లు, ఏ వయసు వాళ్లు దీన్ని ఎంత తెరిచి పలుకుతారన్నది ప్రాట్ సాయంతో వారం రోజుల్లో బొమ్మ గీసి చూపించదగ్గ విషయం.

లేబుళ్ల గురించి రెండు మాటలు. ధ్వని కింద హద్దులు గీసి పేర్లు రాసుకునే ఫైలును ప్రాట్ టెక్స్ట్‌గ్రిడ్ అంటుంది. అందులో ఒక వరస పదానికి, ఒక వరస ధ్వనికి పెట్టుకోండి. తెలుగులో రాసుకోవచ్చు కానీ ముందు టెక్స్ట్ రైటింగ్ ప్రిఫరెన్సెస్‌లో యూటీఎఫ్-8 (అక్షరాలను ఫైల్లో దాచే ఒక పద్ధతి) ఎంచుకోండి. లేకపోతే తెలుగు అక్షరం కనిపించగానే ఫైలును యూటీఎఫ్-16గా రాసే అవకాశం ఉంది, తర్వాత లెక్కల కోసం పైథాన్, ఆర్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో తెరిస్తే చెత్త కనిపిస్తుంది. రోమన్ అక్షరాల్లో రాసేవారు అండర్‌స్కోర్ వాడకండి, దాని తర్వాతి అక్షరాన్ని ప్రాట్ కిందికి దించి చూపించే అవకాశం ఉంది. గంటలకొద్దీ సంభాషణ ఎక్కించుకోవాలంటే ప్రాట్ కంటే ఈలాన్ అనే సాఫ్ట్‌వేర్ నయం. అందులో రాసుకుని, కొలవాల్సిన ముక్కలను ప్రాట్‌లోకి తెచ్చుకోవాలి. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్ రికార్డింగ్‌లు కత్తిరించుకోవడానికి బాగుంటుంది, కొలతలకు కాదు.

ఇక లైబ్రరీలు. హైదరాబాద్‌లో ఈ పనికి పనికొచ్చే మూడు చోట్లూ మెట్రో గ్రీన్ లైన్ మీదే ఉన్నాయి. చిక్కడపల్లిలో దిగితే నగర కేంద్ర గ్రంథాలయం. సుల్తాన్ బజార్‌లో దిగితే 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు తదితరులు స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. ఎంజీబీఎస్‌లో దిగి నడిస్తే అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలై, 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చి, 1955 హైదరాబాద్ పబ్లిక్ లైబ్రరీల చట్టంతో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది.

అఫ్జల్‌గంజ్‌కు వెళ్లేముందు ఏ అంకె కింద వెతకాలో తెలుసుకుని వెళ్లండి. లైబ్రరీల్లో పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో తెలుగు భాష 494.827, సాధారణ ధ్వనిశాస్త్రం 414. తెలుగు సాహిత్యం 894.827. భాష పుస్తకాలు సాహిత్యం బీరువాల్లో కలిసిపోయి ఉండటం మామూలే కాబట్టి రెండు చోట్లా చూడాలి. కౌంటర్‌లో ‘ఫొనెటిక్స్ పుస్తకాలు కావాలి’ అంటే స్పోకెన్ ఇంగ్లిష్ బీరువా చూపించే ప్రమాదం ఉంది. ‘తెలుగు వ్యాకరణాలు, నిఘంటువులు, మాండలిక పదకోశాలు’ అని అడిగితే సరైన చోటికి తీసుకెళ్తారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన వృత్తి పదకోశాలు దొరికితే వదలకండి. వ్యవసాయం సంపుటం 1962లో వచ్చింది, చేనేత 1971లో. ఏ మాట ఏ ప్రాంతంలో ఎలా పలుకుతారో అందులో ఉంది. మీ పదాల జాబితా అక్కడ్నుంచే తయారవుతుంది.

ఇవన్నీ నెట్‌లో స్కాన్ చేసి ఉన్నాయి కదా, లైబ్రరీ దాకా ఎందుకని అడగొచ్చు. ఈ నగరంలో లైబ్రరీ పుస్తకాలను స్కాన్ చేసి పెట్టిన మాట నిజం, అది గొప్ప సేవ. కథల పుస్తకానికి, నవలకు ఆ స్కాన్ చాలు. ధ్వనుల పుస్తకానికి చాలదు. కారణం చుక్కలు. రోమన్ లిపిలో ట, డ, ణ, ళలను త, ద, న, ల నుంచి వేరుచేసేది అక్షరం కింద ఒక చిన్న చుక్క. దీర్ఘాన్ని చెప్పేది నెత్తిమీద సన్నని గీత. నలుపు తెలుపులో తక్కువ నాణ్యతతో తీసిన స్కాన్‌లో ముందుగా పోయేది ఆ చుక్కే. కాగితం మీది మరక చుక్కలా కనబడటమూ ఉంది. ౘ, ౙ గుర్తులదీ అదే గతి, మామూలు చ, జల నుంచి విడదీసి చదవడం కష్టం. మాండలిక పదకోశంలో చుక్క తేడాతో జిల్లా తేడా తప్పుగా పడుతుంది. కాబట్టి స్కాన్‌లో వెతుక్కుని, పేజీ నంబరు రాసుకుని, అసలు పుస్తకంతో పోల్చుకోవాలి. అచ్చు పుస్తకం బీరువాలో ఉండటం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. లైబ్రరీలకు నాలుగు మార్కులు వేసింది దీనికే.

పబ్లిక్ లైబ్రరీలో పుస్తకం కంటే విలువైనది ఇంకొకటి ఉంది, మనుషులు. చిక్కడపల్లి నిండా ఉద్యోగ పరీక్షలకు చదివే యువతీ యువకులు. ఆదిలాబాద్, ఖమ్మం, నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్ని జిల్లాల గొంతులూ ఒకే పైకప్పు కింద. పొద్దున్నే పేపర్ల బల్ల దగ్గరకు వచ్చేవాళ్లు ఎక్కువగా రిటైరైన పెద్దలు. భాషలో మార్పు తెలియాలంటే ఈ రెండు వయసులూ కావాలి, జిల్లాలూ కావాలి. ఏ యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లోనూ ఈ కలయిక దొరకదు. అక్కడ ఉండేది ఒకే వయసు విద్యార్థులు. మధ్యవయసు స్త్రీలు మాత్రం రీడింగ్ రూముల్లో తక్కువ. వాళ్ల కోసం వేరే చోటు చూసుకోవాలి, లేకపోతే మీ ఫలితం మగవాళ్ల తెలుగు అవుతుంది కానీ తెలుగు కాదు.

అడిగే పద్ధతి ముఖ్యం. చదువుకుంటున్నవాళ్లను లేపకండి. పరీక్ష దగ్గర్లో ఉన్నవాళ్ల గంట విలువ మన రికార్డింగ్ కంటే ఎక్కువ. ముందు లైబ్రేరియన్‌కు రాతపూర్వకంగా విషయం చెప్పి అనుమతి తీసుకోండి, ఆయన లేదా ఆవిడ ద్వారా నోటీసు బోర్డులో కాగితం పెట్టించండి. వచ్చినవారికి ఏం రికార్డ్ చేస్తారో, ఎక్కడ దాస్తారో, వద్దంటే తీసేస్తారని స్పష్టంగా చెప్పి సంతకం తీసుకోండి. ఫైలు పేరులో మనిషి పేరు వద్దు, సంకేతం చాలు. రాసుకోవాల్సినవి: వయసు, పెరిగిన మండలం, తల్లి మాట్లాడే భాష, హైదరాబాద్‌కు వచ్చి ఎన్నేళ్లయింది, ఏ మీడియంలో చదివారు, ఉర్దూ ఎంత వచ్చు. చివరిది హైదరాబాద్‌లో చాలా అవసరం. దక్కనీ ఉర్దూ రోజూ మాట్లాడే తెలుగువారిలో ఖ, ఫ, జల పలుకుబడి వేరుగా ఉండొచ్చు, ఆ సంగతి రాసుకోకపోతే తర్వాత కారణం తెలియదు.

పదాల జాబితా చేతికిచ్చి చదివించకండి. కాగితం కనబడగానే తెలంగాణ మనిషి కూడా బడిలో నేర్చిన పలుకుబడిలోకి మారిపోతాడు. మామూలుగా ‘నీల్లు’ అనేవారు ‘నీళ్ళు’ అని ఒత్తి పలుకుతారు, ‘బాష’ అనేవారు ‘భాష’ అంటారు. అప్పుడు మీరు కొలిచేది రాత. బొమ్మ చూపించి ‘ఇదేంటండీ?’ అని అడిగితే సొంత మాట వస్తుంది, ఆ మాటనే పైన చెప్పిన వాక్యంలో పెట్టి పలికించండి. గుడి, గడ్డి, చాప, చేప, అట్టు, జామకాయ, వీటన్నింటికీ బొమ్మలు గీయొచ్చు. బొమ్మ గీయలేని మాటలకు మాత్రమే ప్రశ్న అడగండి.

మరి ఒకటిన్నర మార్కు ఎందుకు? ఈ పనంతా చేయడానికి లైబ్రరీలో ఒక్క గది లేదు కాబట్టి. నిశ్శబ్దం పాటించమని ప్రతి గోడ మీదా రాసి ఉంటుంది, అంటే మాట్లాడటానికే చోటు లేదని అర్థం. పెద్ద హాళ్లు, ఎత్తైన పైకప్పులు, రాతి గచ్చు. పలికిన మాట గోడలకు తగిలి మళ్లీ వస్తుంది, ఆ ప్రతిధ్వని అచ్చు చివరను సాగదీసి పొడవు కొలతలను చెడగొడుతుంది. అఫ్జల్‌గంజ్ రోడ్డు మీది బస్సుల హారన్లు ఉండనే ఉన్నాయి. రికార్డింగ్‌కు అద్భుతమైన స్టూడియో అక్కర్లేదు. పుస్తకాల బీరువాల మధ్య ఉన్న చిన్న స్టోర్ రూము చాలు. అరల నిండా పుస్తకాలుంటే ప్రతిధ్వని తగ్గుతుంది. తలుపుకు మందపాటి పరదా, నేల మీద జంపఖానా, ఆపగలిగే ఫ్యాను, దూరంగా ఒక కిటికీ. ఇలాంటి మూల ప్రతి పాత లైబ్రరీలోనూ ఉంటుంది, విరిగిన కుర్చీలు తీసేస్తే.

ఇది అడగడానికి మనకు హక్కుంది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. పైగా ఇది లైబ్రరీల పనికి బయటిది కాదు. నిజాం కాలంలో తెలుగుకు బడిలో, సర్కారు కచేరీలో చోటు తక్కువైనప్పుడు ఆ చోటు ఇచ్చింది భాషానిలయాలే. సుల్తాన్ బజార్‌లోనూ, 1904లో హనుమకొండలోనూ అవి పుట్టింది అందుకే. అవి దాచింది అచ్చు తెలుగును. పలికే తెలుగును దాచే పని మొదలుకాలేదు. బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ అనే అధికారి చేసిన భారత భాషల సర్వే మద్రాసు ప్రెసిడెన్సీనీ హైదరాబాద్ సంస్థానాన్నీ వదిలేసింది, అప్పటి మన పల్లెల మాట ఊరూరా తిరిగి నమోదు చేసినవాళ్లు లేరు. ఇప్పుడు ఎనభై ఏళ్లున్నవారి మాట కూడా ఇలాగే పోతే మళ్లీ దొరకదు. మనసుకు కష్టం కలిగించే విషయం ఇదే. పరికరం ఉచితం, మనుషులు ఎదురుగా ఉన్నారు, భవనాలు ఉన్నాయి. గది ఒక్కటే లేదు.

రికార్డింగ్‌లు చేసినవారు ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఒకటుంది. సొంత పని అయిపోయాక ఒక కాపీ లైబ్రరీకి ఇవ్వండి, ఇవ్వడానికి పలికినవారు ఒప్పుకుంటేనే. ఎంపీ3 కాదు, అసలు వేవ్ ఫైళ్లు. ప్రతి ఫైలుకు జతగా అదే పేరుతో టెక్స్ట్‌గ్రిడ్, యూటీఎఫ్-8లో. వివరాల పట్టిక ఎక్సెల్‌లో కాకుండా మామూలు టెక్స్ట్ ఫైలుగా, పదేళ్ల తర్వాతైనా తెరుచుకునేలా. ఏ మైకు, ఎంత దూరం, ఏ గది, ఏ వాక్యంలో పెట్టి పలికించారో చెప్పే ఒక పేజీ. ఒప్పంద పత్రాల్లో పేర్లుంటాయి కనుక వాటిని మాత్రం విడిగా, సీలు వేసిన కవర్లో ఇవ్వండి. పెన్ డ్రైవ్ ఇచ్చి వచ్చేయకండి, అది సొరుగులో పోతుంది. హార్డ్ డిస్క్ మీద లేబుల్ అంటించి, పుస్తకానికి వేసినట్టే యాక్సెషన్ నంబరు వేయించి, రిజిస్టర్‌లో ఎక్కిందో లేదో చూసుకుని, 494.827 కింద కేటలాగ్‌లో కార్డు పెట్టమని అడగండి.